పేరు వినపడని పాట

కేబుల్ సుబ్బారావు గారి అమ్మాయి నాగలక్ష్మి మొన్నామధ్య మా ఇంటికొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి, బ్యాగులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసి నా చేతిలో పెట్టింది. "బాబాయ్, నాయన పోయాక ఆయన గది సర్దుతుంటే పాత వీడియో క్యాసెట్లు దొరికినయ్. కొన్ని గుంటూరు తీసకెళ్ళి ఇందులోకి ఎక్కిచ్చా. ఒకదాంట్లో మీరున్నారు. టీవీలో పాట పాడతా ఉన్నారు," అంది. ఇంకొకరైతే సంతోషపడేవారేమో. నాకు మాత్రం ముందుగా వచ్చిన ఆలోచన, ఈ పిల్ల ఇప్పుడెందుకు తెచ్చింది, ఎవరు తెమ్మన్నారు అని. "ఇంకెవరికన్నా చూపించావా?" అని అడిగాను. ఆమె నన్ను విచిత్రంగా చూసింది. "ఎవరికి చూపిస్తా బాబాయ్? మా ఇంటాయనకే తీరికలేదు చూట్టానికి," అని వెళ్ళిపోయింది. ఆ పెన్‌డ్రైవ్‌ను ఫ్రిజ్ మీద పెట్టి నాలుగు రోజుల పాటు దాని వంక చూడలేదు. వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా అది అక్కడ ఉందో లేదోనని మాత్రం చూసుకున్నాను.

మా ఇంట్లో అనుమానమే అన్నం పెట్టింది. మా నాయన దూదేకేవాడు. నరసరావుపేటలో మా వీధిలో పరుపులు కుట్టే ఇళ్ళు నాలుగుండేవి, మాది చివరిది. పత్తి అమ్మేవాళ్ళు తూకం కోసం నీళ్ళు చల్లి తెచ్చేవారు, అడుగున పాత దూది కుక్కి పైన కొత్తది పరిచేవారు. నాయన బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అట్టడుగు నుంచి ఒక పిడికెడు లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని, రెండు వేళ్ళ మధ్య సాగదీసి, వెలుగుకు పట్టి చూసి అప్పుడు బేరం మొదలుపెట్టేవాడు. ఆ చెయ్యి దూర్చే అలవాటు పత్తి దగ్గర ఆగలేదు. పాల చుక్క బొటనవేలి గోటి మీద వేసి జారిందో నిలిచిందో చూసేవాడు. కిరసనాయిలు వాసన చూసేవాడు. పెళ్ళి శుభలేఖ వస్తే ఇటూ అటూ తిప్పి, "వీళ్ళకి మనం ఇప్పుడు గుర్తొచ్చామా?" అనేవాడు. నా స్నేహితుడెవడైనా ఇంటికొస్తే మొదటి ప్రశ్న, "ఎవరబ్బాయివి?" దానికి జవాబు విన్నాక కూడా వాడి వంక చూస్తూ కాసేపు అలాగే ఉండేవాడు, బస్తా అడుగున ఏముందో అన్నట్టు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఏకుడు మిషను ఉండేది. పాత ఏకుడు విల్లును మాత్రం నాయన పారెయ్యకుండా గోడకు తగిలించి ఉంచాడు. మిషను తిరిగిందంటే నూగు ఇల్లంతా తేలేది. చారులో నూగు, తలలో నూగు, నమాజు చాప మీద నూగు. మా నాయనమ్మ ప్రతి గిన్నె మీదా తడిగుడ్డ కప్పి, దగ్గుతూ, ఆ గుడ్డల్ని పూటకోసారి పిండి ఆరేసేది. కొత్త దూదికి ఎండలో పెట్టిన పిండి లాంటి ఒక వాసన ఉంటుంది. మా అమ్మ పరుపు గలేబులు కుట్టే మందపు గుడ్డకు గంజి వాసన. ఆ రెండూ కలిసిన వాసన ఈ రోజుకీ ఎక్కడన్నా తగిలితే నా చేతులు వాటంతటవే గోక్కుంటాయి. ఇప్పుడు ఆ వీధిలో పరుపులు కుట్టేవాళ్ళు లేరు. ఫోము పరుపులు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టుకుని ఫోనులో బుక్ చేస్తే వస్తున్నాయి. వాటి అడుగున ఏముందో చెయ్యి దూర్చి చూసే వీలు ఎవరికీ లేదు, ఎవరికీ ఆ ధ్యాసా లేదు.

మేము వాయించింది ఆ షెడ్డులోనే. మేమంటే ముగ్గురం. నేను పాడేవాణ్ణి. ప్రకాశం వాళ్ళ చర్చిలో డ్రమ్స్ వాయించేవాడు. గిటారు కోటేశ్వరరావు, అంటే కోటి. కోటి మా వెనక వీధిలో ఉండేవాడు, గడియారం సెంటర్ దగ్గర రేడియో రిపేరు కొట్లో పనిచేసేవాడు. ఎవరో ఇంజనీరింగు కుర్రాడు బాగుచేయమని ఇచ్చిన టేపురికార్డర్‌లో ఒక క్యాసెట్ ఉండిపోయింది. పైన పేరు లేదు. అందులో మూడే మూడు స్వరాలు, వాటి మీద ఎవడో గొంతు చించుకుని ఇంగ్లీషులో అరుస్తున్నాడు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ వాడికి ఎవరి మీదో ఒళ్ళుమండిందని మాత్రం అర్థమయింది, అది మాకు చాలింది. కోటి ఒక ఆర్కెస్ట్రా వాళ్ళ దగ్గర మెడ విరిగిన గిటారు తెచ్చి అతికించాడు. పాత మైకుసెట్టు విప్పి యాంప్లిఫయర్ చేశాడు. కుట్టిన పరుపులు గోడల చుట్టూ నిలబెట్టి మధ్యలో మేము వాయించేవాళ్ళం. చప్పుడు బయటికి పోయేది కాదు. పోకపోవడమే కొంప మీదికి తెచ్చింది. ముగ్గురు మగపిల్లలు, మూడు మతాల వాళ్ళు, సాయంత్రమయితే పరుపుల వెనక చేరి ఏం చేస్తున్నారని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకరోజు కానిస్టేబుల్ కూడా వచ్చి పరుపులు పక్కకు జరిపి చూశాడు. డ్రమ్ము లోపల తొంగిచూసి, "ఇందులో ఏముందిరా?" అన్నాడు. "గాలి సార్," అన్నాడు ప్రకాశం.

కోటికి నాన్న లేడు. వాళ్ళమ్మను నేను అత్తా అని పిలిచేవాణ్ణి. పొద్దున్నే క్యారేజీ కట్టుకుని మిరపకాయల తొడిమెలు తీసే పనికి కోల్డ్ స్టోరేజీకి వెళ్ళేది. అక్కడ పక్కనున్న షెడ్డులో ఆడవాళ్ళు గుట్టల ముందు కూర్చుని రోజంతా తొడిమెలు తీసేవాళ్ళు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆమె చేతులకు మజ్జిగ రాసుకుని, గంట సేపు దేన్నీ ముట్టుకోకుండా కూర్చునేది. మేము వెళితే చేతులు వెనక్కి పెట్టుకుని, "దగ్గరికి రామాకండి నాయనా, కళ్ళు మండుతయ్," అనేది. అయినా ఆమె పక్కనే కూర్చునేవాళ్ళం, ఎందుకంటే ఆమె నవ్వు బాగుండేది. వీధి చివరికి వినపడేంత గొంతు. కోతల కాలంలో పాటలు ఎత్తుకునేది ఆమేనని మిగతా ఆడవాళ్ళు చెప్పేవారు.

ఆడవాళ్ళు పైట చెంగులో కాయలు కట్టుకుపోతున్నారని ఆ షెడ్డు గేటుకు పని వేళల్లో తాళం వేసేవారు. ఒక మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీ పైపులోంచి అమ్మోనియా గ్యాసు కారింది. అందరూ గేటు దగ్గరకు పరిగెత్తారు. తాళం ఉంది. తాళంచెవి ఉన్న వాచ్‌మన్ టీకి వెళ్ళాడు. అతను వచ్చి తీసేసరికి ఎంతసేపయిందో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. ఎవరూ చనిపోలేదు కాబట్టి అది పేపరులో కూడా రాలేదు. కోటి వాళ్ళమ్మకు మాత్రం గొంతు పోయింది. మెట్లెక్కితే ఆయాసం, మాట్లాడితే గాలి. ఆస్పత్రి కాగితంలో గ్యాసు మాట లేకుండా మిరపఘాటు వల్ల అని రాశారు. ఆ కోల్డ్ స్టోరేజీ యజమాని పేరు ఊళ్ళో ఎవరూ పలికేవారు కాదు, "ఆయన" అనేవారు. ఆయన చెప్పాడు, ఆయన ఒప్పుకోడు, ఆయనకు తెలిస్తే. కోటి మేనమామ ఆయన లారీ తోలేవాడు. "గమ్మునుండండి. నోరు లేచిందంటే నా స్టీరింగు పోద్ది," అని చెల్లెలికి చెప్పి వెళ్ళాడు.

ఆ వారమే పాట కట్టాం. మాటలు నావి, బాణీ కోటిది.

తొడిమె తీసిన చేత్తో
అమ్మ కన్ను తుడుచుకోదు
తొడిమె తీసిన చేత్తో
నన్ను దగ్గరకు తీసుకోదు
గేటు మూసిందెవరు?
తాళమేసిందెవరు?

ఆ చివరి ప్రశ్న తరువాత డ్రమ్స్ మూడు దెబ్బలు పడతాయి. ప్రతి దెబ్బకూ ఆయన పేరు అరవాలి. షెడ్డులో పరుపుల మధ్య మొదటిసారి ఆ పేరు అరిచాం. అరిచి, ఆగి, బయట ఎవరన్నా ఉన్నారేమోనని తలుపు తీసి చూశాం.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో, తాటిచెట్టంత ఎత్తున దీపాలతో నిలబెట్టిన ఒక ప్రభ ముందు కట్టిన స్టేజి మీద ఆర్కెస్ట్రా గాయకుడు సమయానికి రాకపోతే మాకు పావుగంట దొరికింది. ఆ పాట పాడలేదు, వేరేవి రెండు పాడాం. జనం సగంమంది చెవులు మూసుకున్నారు, సగంమంది ఈలలేశారు. దిగగానే ఒకాయన వచ్చి తాను హైదరాబాదు టీవీ ఛానెల్ వాడినన్నాడు, తిరునాళ్ళ కవరేజికి వచ్చానన్నాడు. "మీరు వాయించేదాన్ని ఏమంటారో తెలుసా? పంక్," అన్నాడు. పేరు లేని ఆ క్యాసెట్‌లోని అరుపుల సంగీతానికి అదే పేరని అప్పటిదాకా మాకు తెలియదు. పది రోజులకు వీధి చివర ఎస్టీడీ బూతుకు ఫోనొచ్చింది. లైవ్ మ్యూజిక్ షోలో రెండు పాటలు, రమ్మని.

మా నాయన అన్నం కలుపుతూ కలుపుతూ ఆపాడు. "పంకా?"

"పంకా కాదు నాయనా, పంక్."

"ఏదోటి. అంత పెద్ద హైదరాబాదులో పాడేవాళ్ళు దొరకలా వాళ్ళకి? మీతో ఏం పనంట? ఊరకనే ఎవడూ పిలవడురా మస్తానూ."

"మా పాట నచ్చిందంట."

"నాకే నచ్చలా. వాళ్ళకెట్టా నచ్చింది?" అన్నాడు. అమ్మ నవ్వింది. నాయన నవ్వలేదు. నేను వెళ్ళే రోజున బస్టాండు దాకా వచ్చి, ఎవరికీ వినపడకుండా చెప్పాడు. "ఎవడి పేరూ ఎత్తమాక." ఆ పాట సంగతి నాయనకు ఎవరు చెప్పారన్నది దారి పొడుగునా ఆలోచించాను. పరుపుల వెనక చప్పుడు బయటికి పోదనుకున్నాం గదా. అంటే మా ముగ్గురిలో ఎవరో చెప్పి ఉండాలి. కిటికీ పక్కన నిద్రపోతున్న కోటి వంక అప్పుడే మొదటిసారి అలా చూశాను.

స్టూడియోలో చలి. సినిమా హాల్లో కన్నా ఎక్కువ చలి. ఒకమ్మాయి మా ముఖాలకు పౌడరు అద్దింది. ప్రొడ్యూసరు పాటలు కాగితం మీద రాసివ్వమన్నాడు. నేను రాసి, పేరు వచ్చే చోట చుక్కలు పెట్టాను. ఆయన చదివి, "తాళమేసిందెవరు? ఓహో, సంగీతం మీద పాటా! బాగుంది," అన్నాడు. "ఈ చుక్కలేంటి?" అన్నాడు.

"అక్కడ అరుపు సార్."

"అరవండి, అరవండి. పంక్ గదా," అని వెళ్ళిపోయాడు. పాడేవాడు ఒక్కడే కాబట్టి ఒక్క మైకు నా ముందు పెట్టారు, డ్రమ్స్ దగ్గర ఇంకొకటి. అప్పుడు చూస్తే కోటి లేడు. వెతుక్కుంటూ వెళితే వరండాలో ఫోను దగ్గర ఉన్నాడు. నన్ను చూడగానే ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఎవరికిరా?" అన్నాను. "ఇంటికి," అన్నాడు. వాళ్ళింట్లో ఫోను లేదు. అది నేను పైకి అనలేదు, లోపల పెట్టుకున్నాను.

మొదటి పాట అయింది. యాంకరమ్మాయి గలగలా మాట్లాడి, "మనకిప్పుడొక కాలర్ ఉన్నారు! ఎక్కడి నుంచండీ?" అంది. స్పీకర్లలోంచి గరగరమంటూ మగగొంతు వచ్చింది. నరసరావుపేట నుంచి అంది. "ఎవరబ్బాయిలు బాబూ మీరు?" అని అడిగింది. యాంకరు పకపకా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. "ఇంకో పాటుందంటగా? పాడండి. మేమందరం చూస్తానే ఉన్నాం. జాగర్తగా రండి బాబూ, ఎదురుచూస్తా ఉంటాం," అని ఫోను పెట్టేసింది ఆ గొంతు. పేరు చెప్పలేదు. రెండో పాట ఉందని ఎలా తెలుసు? ఎవరు చూస్తున్నారు? ఎందుకు ఎదురుచూస్తారు? ఎదురుగా కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది, ప్రకాశం కర్రలు కొట్టాడు, పాట మొదలయింది. నాకు గుర్తున్నది ఇంతే. నేను పాడాను, గొంతు చిరిగేలా పాడాను, చివర మూడు దెబ్బలకు మూడుసార్లు పేరు అరిచాను. ఇరవై ఏళ్ళకు పైగా ఆ అరుపు నా గొంతులో ఉందనే బతికాను.

తిరిగి వచ్చేసరికి నాయన బస్టాండులో సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏమీ అడగకుండా నన్ను ముందు కడ్డీ మీద ఎక్కించుకుని, సందుల్లోంచి ఇంటికి తీసుకొచ్చాడు. వీధిలో వాళ్ళంతా కిరాణా కొట్టు టీవీలో చూశారట. అందరూ బాగుందన్నారు. "ఆకర్న ఏందిరా, డబడబా మూడు దెబ్బలు పడినయ్, నువ్వేమో ఏమీ అనలా?" అని కొట్టాయన అడిగాడు. అన్నానని చెప్పాను. "మాకేం వినపడలా," అన్నాడు. ఇంకో ఇద్దరిని అడిగాను. డ్రమ్ము వినపడింది, గిటారు వినపడింది, నా గొంతు మాత్రం వినపడలేదన్నారు. అంటే సరిగ్గా ఆ పేరు దగ్గర నా మైకు ఆపారు. కాగితం మీద చుక్కలే ఉన్నాయి. మరి ఎక్కడ ఆపాలో వాళ్ళకెలా తెలిసింది? ఎవరో చెప్పారు. ప్రకాశాన్ని అడిగితే, "డ్రమ్ము ముందు కూర్చున్నోడికి డ్రమ్మే వినపడద్దిరా, నాకేం తెలుసు?" అన్నాడు. ఇక మిగిలింది కోటి. వరండాలో ఫోను. లారీ తోలే మేనమామ. ఆ తరువాత నెలలో వాళ్ళమ్మను గుంటూరు ఆస్పత్రికి ఎవరిదో తెల్ల కారులో తీసుకెళ్ళారు. ఊళ్ళో తెల్ల కార్లు ఎన్నని? ఒక్కో సంగతీ బస్తా అడుగు నుంచి లాగిన పిడికెడులా నా చేతికి వచ్చింది. సాగదీసి చూసుకున్నాను. తడి తగిలిందనుకున్నాను.

రేడియో కొట్టు ముందు, పదిమంది వింటుండగా అడిగాను. "ఎంతకి ఒప్పుకున్నావురా? కన్నతల్లిని అమ్ముకున్నావు గదరా."

కోటి చేతిలో సోల్డరింగు కర్ర ఉంది. దాని కొనన పొగ వస్తోంది. వాడు నన్ను కొడతాడనుకున్నాను, కొట్టాలనే కోరుకున్నాను కూడా. వాడు కొట్టలేదు. "మైకు నీ ముందుందిరా," అన్నాడు, అంతే. నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. గిటారు యాంప్లిఫయర్ మా షెడ్డులోనే వదిలేశాడు. ఏడాది తిరగకుండా తల్లిని తీసుకుని మాచర్ల వెళ్ళిపోయాడు. ఆమె పోయిందని కూడా నాకు చాలా రోజులకు తెలిసింది. నేను చదువుకుని లెక్చరరునయ్యాను, కథలు రాశాను. నా కథల్లో ఎప్పుడూ ఒక మోసం చేసే స్నేహితుడుంటాడని ఒక విమర్శకుడు రాస్తే గర్వంగా నవ్వుకున్నాను.

అయిదో రోజున పెన్‌డ్రైవ్ కంప్యూటరుకు పెట్టాను. మా ఆవిడ బజారుకెళ్ళిన వేళ చూసి, తలుపు గడియ పెట్టుకుని మరీ. బొమ్మ వణుకుతోంది, రంగులు వెలిసి ఉన్నాయి. "పంక్ బ్యాండ్, నరసరావుపేట" అని కింద అక్షరాలు. ముగ్గురు బక్క పిల్లలు. మొదటి పాట, ఫోను, రెండో పాట. "గేటు మూసిందెవరు?" నా గొంతు స్పష్టంగా ఉంది. "తాళమేసిందెవరు?" అదీ ఉంది, చివర పీల్చుకున్న ఊపిరి కూడా మైకులో వినపడుతోంది. అప్పుడు డ్రమ్ము దెబ్బ. ఆ దెబ్బకు తెర మీది కుర్రాడు మైకు వదిలి ప్రకాశం వైపు తల తిప్పుకున్నాడు. కెమెరా దగ్గరకు వచ్చింది. వాడి నోరు మూసుకుని ఉంది. రెండో దెబ్బ, మూడో దెబ్బ. నోరు తెరవలేదు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. ఎన్నిసార్లు చూసినా నేను నోరు తెరవలేదు. మైకును ఎవరూ ఆపలేదు.

ఇంకొకటి ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సౌండు పూర్తిగా పెంచితే, డ్రమ్ము దెబ్బల కింద, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఒక గొంతు మూడుసార్లు ఆ పేరు అంటోంది. డ్రమ్స్ దగ్గరున్న మైకుకు అందిన గొంతు. తెర మీద ఎడమ పక్కన కోటి కనిపిస్తున్నాడు. ముందు మైకు లేదు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

నాగలక్ష్మికి ఫోను చేశాను. ఆ రోజు షోకి ఫోను చేసిన మనిషెవరో ఆమెకేమన్నా తెలుసేమోనని అడిగాను. "అదా? మా నాయనే గదా బాబాయ్! నా చేత పదిసార్లు డయల్ చేయించాడు లైను దొరక్క. రెండు పాటలుంటాయని ముందుగానే టీవీలో వేశారుగా. మనూరి పిల్లలు, తిరిగొచ్చినాక దండలేద్దామని పూలు కూడా తెప్పిచ్చాడు. మీరు బస్టాండులో కనపళ్ళేదంట," అంది. సందుల్లోంచి తీసుకెళ్ళాడు గదా మా నాయన. ఆ పాట సంగతి నాయనకు ఎవరు చెప్పారన్నదీ ఇప్పుడు పెద్ద చిక్కుగా అనిపించడం లేదు. ఇంటి వెనక షెడ్డు ఆయనది, చెవులు ఆయనవి.

మాచర్ల బస్సులో కూర్చున్నప్పుడు కూడా నేను సాకులు వెతుక్కుంటూనే ఉన్నాను. క్యాసెట్ ఎవరైనా మార్చి ఉంటే? ఎందుకు మారుస్తారు, నా కోసం అంత శ్రమ ఎవరు పడతారు? ఒకప్పుడు ఊళ్ళో ఏ మాట ఎవరు ఎవరికి మోశారో కనుక్కోవడానికి వారాలు పట్టేది. ఇప్పుడు ఎవరైనా ఫోను పైకెత్తి ఎవరి పేరైనా చెప్పి ప్రపంచానికంతా పంపేస్తున్నారు, సాయంత్రానికి మరిచిపోతున్నారు. అంత సులువైన రోజుల్లో కూడా ఆయన పేరు నేను ఈ పేజీల్లో రాయలేదు. ఆయన పోయి చాలా కాలమయింది. కొడుకులున్నారు. ఇంతకు మించిన కారణం నా దగ్గర లేదు.

కోటికి అక్కడ సౌండ్ సిస్టమ్ కొట్టుంది. పెళ్ళిళ్ళకూ మీటింగులకూ బాక్సులు అద్దెకిస్తాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు. లేవలేదు, రమ్మనలేదు. చేతిలో కేబులు చుడుతూనే, "ఏంది ఇట్టొచ్చావు?" అన్నాడు.

నేను పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి చూసిందంతా చెప్పాను. క్యాసెట్, మూసిన నోరు, వాడి గొంతు. వాడు దాన్ని ముట్టుకోలేదు.

"నాకెందుకిది? నేనక్కడే ఉన్నాగా."

"అప్పుడే చెప్పకపోయావా కోటీ?"

"చెప్పా. మైకు నీ ముందుందన్నా. నీకు అర్థం కాకపోతే నేనేం చేసేది?"

"ఆ తెల్ల కారు..."

"ప్రకాశంవాళ్ళ పాస్టరు గారిది. వాణ్ణి అడిగినా చెప్పేవాడు. నువ్వు అడగలా. అడిగితే నీ కత పాడయిద్దిగా."

ఆ రోజు వరండాలో ఎవరికి ఫోను చేశాడో అడగడానికి నాకు నోరు రాలేదు. వాడే చెప్పాడు. "కిరాణా కొట్టుకు చేశా. అమ్మని పిలిపిచ్చుకున్నా, టీవీ ముందు కూర్చోమని. ఆమె అంది, గట్టిగా చెప్పండిరా, నాకిక గొంతు లేదు గదా అని." కేబులు చుట్టడం ఆపాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "ఇప్పుడు వచ్చావే, ఎందుకు? ఇది కూడా రాసుకోడానికా?"

కాదనబోయాను. నా సంచిలో నోటుబుక్కు ఉంది. కాదనలేకపోయాను. "నన్ను క్షమించరా," అన్నాను. అది కూడా ఎవరో రాసిచ్చిన మాటలాగే వినపడింది.

వాడు చుట్టిన కేబులు మేకుకు తగిలించాడు. "ఆ పేరు ఆమెకు కూడా వినపళ్ళా. కానీ నా నోరు చూసిందంట టీవీలో. ఇంటికి రాగానే నా మొహం పట్టుకుని, నువ్వు అరిచావు నాయనా, నేను చూశా అంది. నీ మీద నేను ఎగిరితే నన్నే కసిరింది. వాడికి తండ్రున్నాడు, ఇల్లుంది, భయం ఉంటదిరా, వాణ్ణేమీ అనమాక అంది. చచ్చిపోయేదాకా నిన్ను ఒక్క మాట అనలా."

నాకు కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. వాడు అది చూశాడు. చూసి, ఎదురు కొట్టు వైపు తిరిగి రెండు టీలు చెప్పాడు.

"ఆ మాట మా అమ్మదిరా మస్తానూ," అన్నాడు. "నాది కాదు."

టీ వచ్చింది. నేను తాగడం అయ్యేదాకా కోటి పక్కనే నిలబడి, ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, మాచర్ల నుంచి నాలుగింటికి బస్సుందని చెప్పాడు.